ఉత్త ఫ్లాష్

పెళ్లిళ్లలో ఫొటోలు తీసే రోజుల్లో సత్తిరాజుకి ఓ పాడు విద్య ఉండేది. "నాకూ తియ్యి బాబూ" అని ఎగబడే పేదాసాదాకి రీలు ఖర్చు పెట్టేవాడు కాదు. ఫ్లాష్ ఒక్కటే కొట్టేవాడు. దాన్నే ఉత్త ఫ్లాష్ అంటారు. కళ్లల్లో వెలుగు పడితే చాలు, పాపం వాళ్లు మురిసిపోయేవారు. నర్సీపట్నం చుట్టుపక్కల ఆ ఫొటోల కోసం ఇంకా ఎదురు చూస్తున్నవాళ్లు ఎంతమందో!

ఆ పని ఎప్పుడో పోయింది. బీరువాలో అరచేతిలో ఇమిడే పాత రీలు కెమెరా ఒకటి మిగిలింది. దాన్ని ఇన్నాళ్లకి బయటికి తీయించింది అతని భార్య వెంకటదుర్గ. ఏళ్ల తరబడి అడ్డపొగ తాగిన మనిషి. చుట్ట తిరగేసి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలిస్తే ఊరుకుంటుందా, దవడలో పుండై కూర్చుంది. రేపు విశాఖలో ఆపరేషను. ఎడమ దవడ తీసేస్తామన్నారు.

"ఫోనుతో తీసేస్తాను, బేగి అయిపోద్ది" అన్నాడు సత్తిరాజు.

"మొన్న నీ కోడలు ఫోనులో తీస్తే సున్నం కొట్టిన గోడలా ఒచ్చినాను. నా నలుపేటైపోయింది, నా పుట్టుమచ్చేటైపోయింది? రీలులో తియ్యి మావా. కోతకి ముందు నా మొఖం కాయితం మీద ఉండాల. ఉత్త ఫ్లాష్ కొట్టినావో, ఊరుకోను సూడు!"

కొత్త బ్యాటరీ సెల్లులేస్తే ఫ్లాష్ కుయ్‌మంది, ఎర్రదీపం వెలిగింది. పక్కింటివాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించిన రీలు ఎక్కించాడు. వెంకటదుర్గ పట్టుచీర కట్టి, పెరట్లో కుర్చీలో కూర్చుని, నొప్పి దిగమింగి నవ్వింది. నాలుగైదు తీశాక అతని చూపు కెమెరా పక్కనున్న పిడి మీద పడింది. రీలు కదిలితే అదీ తిరగాలి. తిరగడం లేదు. లోపల ఫిలిం కొస పట్టు జారింది.

చెప్పకపోతే ఈ పూటకి ఆవిడ తృప్తిగా ఉంటుంది. చెబితే మళ్లీ ఆ నొప్పితో నవ్వాలి. పాత విద్య నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏటి మావా, అలా నిలబడిపోనావు?"

"ఫిలిం పట్టుకోలేదే దుర్గా. ఒక్కటీ పడలేదు."

ఆవిడ కొంగుతో చెంప అదుముకుంది. "ఇంత బాధలో పళ్లికిలించినాను. నాకూ ఉత్తదే కొట్టీసినావా?"

"ఒట్టే, కావాలని కాదు."

"కావాలని అయితే సెప్పీవోడివా?"

వెనక మూత తెరిచి, ఫిలిం కొస గాడిలోకి దోపి, చుట్టుకుంటోందని చూసుకున్నాకే మూశాడు. ఆవిడ మళ్లీ కూర్చుంది. ఈసారి నవ్వు రాలేదు. నోరు వంకరపోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కొంచెం ఆగుదామే."

"ఎండ ఆగుద్దేటి? ఇలాగే తియ్యి. నవ్వు మొఖం నువ్వు గుర్తెట్టుకో."

నొక్కాడు. రీలు ముందుకి చుడితే పిడి తిరిగింది. "పడిందే! ఇంకోటి తీస్తాను, ఉండు."

"సాలు" అని లేచింది వెంకటదుర్గ. "మిగతాయి ఆ కొత్త మొఖానివి తీద్దువు. అందాకా రీలు కడిగించకు." ఆ మాట అంటూ మొగుడి వైపు చూడలేదు. ఆస్పత్రి సంచి సర్దుకోడానికి లోపలికి వెళ్లిపోయింది.