మెట్ల మలుపులో ఇరుక్కున్న స్ట్రెచర్

ఊళ్ళోని ప్రైవేటు క్లినిక్కులవాళ్ళు ఆమెను టార్చిలైటు మేడమ్ అంటారు. ముఖం మీద కాదు, ఆమె గుమ్మం దాటాక. తనిఖీకి వచ్చే మిగతా అధికారులు కుర్చీలో కూర్చుని కాగితాలు తిరగేస్తారు. ఈవిడ మోకాళ్ళ నొప్పి లెక్కచేయకుండా వంగి, మంచాల కిందా బీరువాల వెనకా టార్చి వేసి చూస్తుంది. కాఫీ ఇస్తే తాగదు, పొగిడితే వినదు. అలాగని కసురుకోదు కూడా. "ఇది బాగోలేదండీ, మార్చండి" అని మెత్తగానే అంటుంది. ఆ మెత్తటి మాటకే అవతలివాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది.

ఈ ఉద్యోగానికి రాకముందు ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. వార్డుల్లో నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగాయి కానీ పట్టుదల అరగలేదు. పరీక్ష రాసి తనిఖీ శాఖలో చేరింది. ఇంట్లో భర్త, తల్లి. భర్త స్కూలు బస్సు నడుపుతాడు, నోట్లో నాలుక లేని మనిషి. అతని వాటా మాటలు కూడా తల్లే మాట్లాడేస్తుంది.

ఆ తల్లికి కొంతకాలంగా చూపు మసకబారింది. శుక్లాలన్నారు, ఆపరేషన్ చేయిస్తే సరిపోతుందన్నారు. కానీ ఏ ఆసుపత్రి పేరెత్తినా కూతురు ఏదో ఒక వంక పెట్టేది. ఒకచోట చేతులు సరిగ్గా కడుక్కోరు. ఇంకోచోట మందుల ఫ్రిజ్‌లో టిఫిన్ డబ్బాలు పెడతారు.

"నువ్వు సరేననే ఆసుపత్రి దేవుడు ఇంకా కట్టలేదే. ఆయన కట్టేలోగా నేనే ఆయన దగ్గరికి పోయేట్టున్నాను" అని తల్లి విసుక్కునేది.

ఒకరోజు తనిఖీ ఓ కంటి క్లినిక్కులో పడింది. కింద మందుల షాపు, రోగులు కూర్చునే హాలు. పైన ఆపరేషన్ గది. డాక్టరు పెద్దమనిషి, హస్తవాసి మంచిదని పేరు. ఆమె వెంట కొత్తగా చేరిన తోటి అధికారి ఒకతను వచ్చాడు. ఇద్దరూ వెనక ఇరుకు మెట్ల మీదుగా నేరుగా పైకెళ్ళారు.

చూసినంతవరకూ అన్నీ బాగున్నాయి. పనిముట్లు ఉడికించి విడివిడిగా కట్టి ఉంచారు. మందుల గడువులు సరిగ్గా ఉన్నాయి. ఎక్కడ టార్చి వేసినా దుమ్ము కనపడలేదు. డాక్టరు ముఖంలో వెలుగు వచ్చింది.

"ఇక సంతకమేగా మేడమ్?"

"ఒక్క ముక్క చెప్పండి డాక్టరుగారూ. ఆపరేషన్ మధ్యలో మనిషికి గుండె పట్టేసిందనుకోండి. అదే సమయానికి లిఫ్టు ఆగింది. కిందికి ఎలా దింపుతారు?"

"మెట్లున్నాయిగా. స్ట్రెచర్ మీద దింపుతాం."

"ఎప్పుడైనా దింపి చూశారా?"

డాక్టరు నవ్వాడు. "కంటి ఆపరేషన్ మేడమ్. చేయించుకున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నడిచి వెళ్తారు. స్ట్రెచర్ అవసరమే పడలేదు ఇన్నేళ్ళలో."

"అయితే ఇవాళ చూద్దాం" అని ఆమె చెప్పులు విప్పి స్ట్రెచర్ మీద పడుకుంది. తోటి అధికారి కంగారుపడ్డాడు. సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పట్టీలు బిగించండి బాబూ, నేనేమీ గాజుబొమ్మను కాదు" అంది ఆమె.

ఇద్దరు మగ నర్సులు స్ట్రెచర్ ఎత్తి ముందువైపు మెట్లు దిగసాగారు. మొదటి వరస బాగానే దిగారు. మలుపు దగ్గర కథ అడ్డం తిరిగింది. ఖాళీగా ఉండాల్సిన ఆ జాగాలో డాక్టరు ప్లైవుడ్ గోడ పెట్టించి, సామాను గది చేయించాడు. మనుషులు నడవడానికి దారి చాలు, స్ట్రెచర్ తిరగడానికి చాలదు. ఎడమకి తిప్పారు, కుడికి తిప్పారు. చివరికి ఒక పక్కకి ఎత్తి వంచేసరికి, ఆమె పట్టీల్లోంచి జారి గోడకి ఆనుకుపోయింది. కదిలే వీల్లేదు. కణత గోడకి ఒరుసుకుంది.

సరిగ్గా అప్పుడే కింద హాల్లోంచి కేక వినపడింది.

"అయ్యో నా తల్లీ! దీనికేమైందిరా నాయనా!"

ఆ గొంతు పోల్చుకోవడానికి ఆమెకి క్షణం పట్టలేదు. తల్లి! ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, పక్కింటావిడని తోడు తీసుకుని ఆపరేషన్‌కి ముందు పరీక్షల కోసం వచ్చి కూర్చుంది. మసక చూపుకి కూడా కూతురి ముఖం తెలిసింది.

"నాకేం కాలేదమ్మా! పరీక్ష చేస్తున్నాం, అంతే!" అని ఆమె పైనుంచి అరిచింది.

"తలకిందులుగా వేలాడే పరీక్షలేంటే, సర్కస్‌లో చేరావా!"

హాల్లో కొందరు నవ్వారు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. ఇదే మలుపులో, ఇదే స్ట్రెచర్ మీద, ఊపిరాడక పడి ఉన్న తల్లి ఒక్కసారి కళ్ళ ముందు మెదిలింది.

నర్సులు స్ట్రెచర్ వెనక్కి లాగి పట్టీలు విప్పాక, లేచి బయటికొచ్చి పై అధికారికి ఫోన్ చేసింది. "సార్, మా అమ్మ ఇక్కడ పేషెంటని ఇప్పుడే తెలిసింది. ఇక నేను నిర్ణయం చెప్పకూడదు. కళ్ళతో చూసింది మాత్రం రాసిస్తాను."

"రాసివ్వమ్మా. నేనే వచ్చి చూస్తాను" అన్నాడాయన.

ఆయన వచ్చి మలుపు చూశాడు. గోడ తీసేదాకా ఆపరేషన్లు ఆపాలని, కింద మామూలు పరీక్షలు చేసుకోవచ్చని తేల్చాడు. డాక్టరు ముఖం మాడిపోయింది.

"మీ అమ్మగారికి వచ్చే వారమే ఆపరేషన్ పెట్టాం మేడమ్. ఆవిడ కోసమైనా ఆలోచించాల్సింది."

"ఆవిడ కోసం కూడా ఆలోచించాను డాక్టరుగారూ" అంది ఆమె.

ఇంటికెళ్ళాక అసలు తుఫాను మొదలైంది. కాదు, తుఫానైతే నయమే. తల్లి మాట్లాడటం మానేసింది. ఏం కావాలన్నా అల్లుడికే చెప్పేది.

"బాబూ, మీ ఆవిడ్ని అడగండి, నా చుక్కల మందు ఎక్కడ పెట్టిందో."

పక్కనే ఉన్న భార్య వైపు అతను తిరిగేవాడు. "చుక్కల మందు..."

"వినపడింది. కిటికీలో ఉందని చెప్పు."

రెండు వైపులా మాటలు మోసి మోసి పాపం ఆ మనిషి బస్సులో పిల్లల గోలే నయమనుకునేవాడు. ఒక పూట తల్లి గుమ్మం కనపడక తూలి పడబోయింది. పట్టుకోబోయిన కూతురి చేతిని విదిలించింది. "నీ రూలు నన్ను పట్టుకుంటుందిలే" అంది. ఆ మాట నేరుగా అన్నదే. కూతురు వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, కాసేపు ఏడ్చింది. ఏడ్చి ముఖం కడుక్కుంది. అయినా రాసిన రిపోర్టులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అమ్మ కన్ను బాగవ్వాలి. బాగయ్యాక అమ్మ ఇంటికి రావాలి. రెండూ కావాలి తనకి.

అటు డాక్టరు కూడా మొండి మనిషే. కోపం చల్లారాక ఒక ఆదివారం తనే స్ట్రెచర్ మీద పడుకుని దింపించుకున్నాడట. మర్నాడే వడ్రంగిని పిలిచి గోడ ఊడబెరికించాడు. సామాను పెరట్లో కొత్త గదికి పోయింది. రెండో తనిఖీకి వేరే అధికారిని పంపారు. ఈసారి స్ట్రెచర్ ఎక్కడా ఆగకుండా వీధి గుమ్మందాకా వెళ్ళింది. ఆపరేషన్లు మళ్ళీ మొదలయ్యాయి. తల్లికే ముందుగా తేదీ ఇచ్చారు.

ఆపరేషన్ రోజు ఆమె సెలవు పెట్టి, హాల్లో అందరిలాగే కూర్చుంది. డాక్టరు మెట్లు దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అంతా బాగా జరిగింది. మీ అమ్మగారు లోపల మా నర్సుకి పాఠాలు చెబుతున్నారు."

ఆమె లేచి దణ్ణం పెట్టింది.

మర్నాడు కట్టు విప్పారు. ఇంటికి రాగానే తల్లి నడవలో నిలబడి, తల ఎత్తి, నాలుగు మూలలూ తీరిగ్గా చూసింది.

"ఏమే, ఊళ్ళో ఆసుపత్రులన్నీ దులిపేస్తావు. మనింట్లో ఇంత బూజేంటే!"

భర్త నోరారా నవ్వాడు. ఆమె చీపురు అందుకుంటే తల్లి లాక్కుంది. "నువ్వుండు. నాకిప్పుడు కనపడుతోందిగా" అంటూ కుర్చీ ఎక్కబోయింది.

"కుర్చీ ఎక్కావంటే ఊరుకోను! వంగకూడదు, బరువెత్తకూడదు అని డాక్టరు చెప్పలేదూ?"

తల్లి గొణుక్కుంటూ అదే కుర్చీలో కూర్చుంది. మరుసటి వారం మొదట్లో కూతురు మళ్ళీ పనిలోకి వెళ్ళింది. ఆ రోజు వంతు మూడో అంతస్తులో ఉన్న ఒక పళ్ళ డాక్టరుది. గుమ్మంలోనే చెప్పులు విప్పుతూ, "మీ స్ట్రెచర్ ఎక్కడుందండీ?" అని మెత్తగా అడిగింది.