మిల్లు కాలువ గాడులు

మొన్న గుంతకల్లు బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు మా ఊరి పాత పత్తి మిల్లు గురించి మాట్లాడుకుంటున్నారు. "ఆడ ఒకామె భలే చెప్తాదంట, మిల్లు కండ్ల ముందర తిరిగినట్లే ఉంటాదంట" అంది ఒకమ్మాయి. ఆ ఒకామె నా తోడికోడలు. దిగేదాకా కిటికీ బయటికి చూస్తూ కుళ్లుకుంటూనే ఉన్నాను. ఈ వయసులో కూడా!

నేను పుట్టిందీ మెట్టిందీ ఆ ఊరే. దొరల కాలపు మిల్లు అది. ఇటుకల పొగగొట్టం, కప్పులేని గోడౌన్లు, చెరువు నుంచి బాయిలర్‌కు నీళ్లు తెచ్చిన రాతి కాలువ మిగిలాయి. కాలువ నిండా జిల్లేళ్లే. మా నాయనకు నాయన, మా జేజినాయన, ఆ బాయిలర్ దగ్గర పనిచేశాడు. ఆయన చెప్పినవన్నీ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నేనే తోడికోడలికి చెప్పాను. ఆమెది మడకశిర వైపు. రెండువేల సంవత్సరం దాటాక, వానల్లేని ఒక ఏడాది, పట్నం వాళ్లు మిల్లు చూడ్డానికి రావడం మొదలైంది. నాకు నోరు పెగల్లేదు. ఆమె మాత్రం "రాండి సార్, నేను చూపిస్తా" అని ముందుకు పోయింది. పేపర్లో ఆమె ఫొటో పడితే, కత్తిరించి గోడకు అంటించింది ఎవరనుకున్నారు? మా ఆయనే.

కాలువ రాళ్లలో ఎదురెదురుగా నిలువు గాడులు ఎందుకున్నాయని ఆమె ఒకరోజు అడిగింది. నీళ్లు ఆపడానికి వాటిలో చెక్కలు దించేవారని నాకు తెలుసు. అయినా "పత్తి మోసే ఏనుగుల్ని ఆడ కట్టేసేవాళ్లు, గొలుసులు రాసుకుని ఆ గాడులు పడినాయిలే" అన్నాను.

ఆమె అదే చెబుతుంటే, ఆ వారమే వచ్చిన ఒక ముసలి ఇంజనీరు గాడిలో వేలు పెట్టి, "గొలుసు ఇంత తిన్నగా కోస్తుందా అమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె ముఖం కందిపోయింది. "మా అక్క చెప్పింది సార్. ఆమె జేజినాయన ఈడే పని చేసినాడు. ఆమె తప్పు చెప్పదు" అంది. మజ్జిగ చెంబుతో వెనకే నిలబడ్డ నా వైపు అందరూ తిరిగారు. నాకూ సరిగా తెలియదని గొణిగాను.

ఇంటికి వస్తూ దారిలో అడిగింది. "తెలిసే చెప్పినావు కదక్కా? నువ్వు చెప్తానంటే నేను వద్దంటినా? నువ్వు నోరు తెరవకపోతివి, నేను తెరిస్తి."

మర్నాడు పొద్దున్నే ఆమెను కాలువ దగ్గరికి తీసుకుపోయి, విరిగిన తలుపు చెక్కను ఆ గాడుల్లోకి దించి చూపించాను. సరిగ్గా కూర్చుంది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తర్వాత వచ్చినవాళ్లకు ఆమె అదే చెబుతుంటే, నీళ్లు ఆగి నిండడం నాక్కూడా కనిపించింది. మళ్లీ కుళ్లుకున్నాను.

ఇరవై ఏళ్లయింది. మా జేజినాయన గొంతు ఎలా ఉండేదో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు, ఆమె గొంతే వినిపిస్తుంది. కాలం ఆయన్ను నాకు దూరం చేసి, ఆయన్ను ఒక్కసారీ చూడని ఆమె నోట్లో బతికించింది.