బండి టాపు మీద రెండు దెబ్బలు

అన్నం పెట్టే బండి మీద ఒట్టేసి చెప్తున్నాను. ఆ రాత్రి నేను తాగి లేను. నిద్రమత్తులో లేను. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి... మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. అది తలుచుకుంటే భయం కన్నా ముందు నాకు ఒళ్ళు మండుతుంది.

నాది చేపల బండి. బంటుమిల్లి అవతల చెరువుల దగ్గర సరుకెత్తి బందరు తోలుతుంటాను. మా అక్క మొగుడు, మా బావ, అక్కడే ఒక ఆసామి చెరువు మీద కాపలా ఉంటాడు. ఆ సాయంత్రం ఆసామి కొడుకు చెరువు గట్టు మీద మోటారు సైకిలు రయ్యిమని తోలుకొచ్చి బావని గుద్దాడు. హ్యాండిల్ సూటిగా ఎడమ డొక్కలో పొడిచింది. చర్మం చిట్లలేదు. చుక్క నెత్తురు లేదు. బావ లేచాడు, బట్టలు దులుపుకున్నాడు, ఇంటికి నడిచి వెళ్ళాడు.

అదే మా కొంప ముంచింది.

నెత్తురు లేదు కాబట్టి దెబ్బే లేదన్నారు. ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుంది, కుర్రాడి బతుకు పాడవుతుంది, ఊళ్ళోనే రాజీ చేసుకుందామన్నారు. మా వైపు అదే అలవాటు. ఎవరినైనా గుద్దితే అంబులెన్సు కన్నా ముందు పెద్దమనుషులు వస్తారు. కుర్చీలు వేసుకున్నారు. టీలు తాగారు. లోపల మంచం మీద బావ కడుపు ఉబ్బుతోంది. "గ్యాస్ అయ్యుంటుందమ్మా, కాస్త సోడా పట్టు" అన్నాడు ఒకాయన. పట్టారు. కక్కేశాడు. ఎడమ భుజం లాగేస్తోందన్నాడు. పడుకోవడంలో తేడా వచ్చుంటుందన్నారు. దెబ్బ తిన్నవాడు తప్ప ఆ ఇంట్లో అందరూ డాక్టర్లే.

చీకటి పడ్డ చాలాసేపటికి నేను వెళ్ళాను. బావ చెయ్యి పట్టుకుంటే ఐసుగడ్డలా ఉంది. పెదాలు పాలిపోయాయి. ఇంక ఎవరినీ అడగలేదు. ఖాళీ ట్రేలన్నీ క్యాబిన్ వైపు నెట్టి, వెనక పరుపు వేసి బావని ఎక్కించాను. అక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుని చివర్న, వెనక తలుపు దగ్గర కూర్చుంది. రాజీ నడిపిస్తున్న పెద్దాయన "నేనూ వస్తాను పద" అంటూ నా పక్క సీట్లో ఎక్కాడు. సాయానికే అనుకున్నాను.

బంటుమిల్లి దాటామో లేదో ఆయన ఫోను మోగింది.

"ఒరే అబ్బాయ్, పక్కకి ఆపు. ఆసామి వస్తున్నాడంట. ఒక మాట అనుకుని వెళ్దాం."

"ఆగే టైమా బాబాయ్ గారూ ఇది?"

"ఆపమన్నానా."

ఆ ఆసామి చెరువు సరుకే నా బండికి ఆధారం. పళ్ళు నూరుకుంటూ ఆపాను.

టప్. టప్.

నా నెత్తి మీద... క్యాబిన్ టాపు మీద. సరుకెత్తే కూలీలు వెనక నిలబడి అలాగే కొడతారు. ఒక దెబ్బైతే ఆపమని, రెండైతే పోనివ్వమని. అక్క కొట్టిందనుకున్నాను. మంచి పని చేసిందనుకుని గేరు వేశాను. పెద్దాయన ఏదో గొణిగాడు. నేను వినిపించుకోలేదు.

పెడన ఇవతల కాలవ వంతెన దగ్గర మళ్ళీ మొదలెట్టాడు.

"ఇక్కడ మనకి తెలిసిన ఆర్‌ఎంపీ ఉన్నాడు. ఒక ఇంజెక్షన్ చేయించి వెనక్కి తీసుకెళ్దాం. బందరు పెద్దాసుపత్రిలో అడుగుపెట్టామంటే కేసే."

అంటూనే చెయ్యి చాపి తాళం తిప్పేశాడు. బండి కాస్త దూరం దొర్లి ఆగిపోయింది.

చుట్టూ చీకటి... ఎక్కడో చెరువుల్లో ఏరేటర్ మిషన్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు. కప్పలు. నా పిడికిలి బిగిసింది. ఇంకొక్క మాట అని ఉంటే ఆయన్ని కొట్టేవాణ్ణే.

టప్... టప్.

ఈసారి నెమ్మదిగా. తడి అరచేత్తో చరిచినట్టు.

దిగాను. వెనక్కి వెళ్ళి ఫోను లైటు వేశాను. అక్క ఆ చివరే ఉంది. ఆమెకీ క్యాబిన్‌కీ మధ్య నడుము ఎత్తున ట్రేలు. రెండు చేతులతో బావ తల పట్టుకుని ఉంది.

"ఎందుకాపావురా?"

"నువ్వు కొడుతూనే ఉన్నావుగా అక్కా... పోనివ్వమని."

"నేనెక్కడ కొట్టాను? ఈయన్ని వదిలితే కదా."

ముందు చక్రం మీద కాలు పెట్టి పైకి లేచాను. టాపు మీద లైటు వేశాను. ఎవరూ లేరు. మంచు పట్టి రేకు తడిగా మెరుస్తోంది. అలాగే చూస్తున్నాను... రెప్ప కూడా వేయలేదు...

టప్.

నా కళ్ళ ముందే. ఉత్త రేకు మీద.

ఒక్కటే. ఒక్కటంటే ఆపమని... అంటే బావకి ఇంక... రెండో దెబ్బ కోసం చూస్తున్నాను. ఎంతసేపో తెలీదు. కప్పలు కూడా ఆగిపోయినట్టనిపించింది.

...టప్.

క్యాబిన్‌లోంచి పెద్దాయన గొంతు వినపడింది. "పోనీ... పోనీరా బాబూ."

బందరు ఎలా చేరానో నాకు గుర్తులేదు. డ్యూటీ డాక్టరమ్మ బావ కడుపు నొక్కి చూసింది. స్కానింగ్ చేసింది. "లోపలంతా రక్తమే. ప్లీహం చితికిపోయింది. దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"సాయంత్రమండీ."

"మరి ఇప్పటిదాకా ఏం చేస్తున్నారు?"

నేనే చెప్పాను. "రాజీ చేస్తున్నారండీ."

ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ప్లీహం తీసేశారు. బావ బతికాడు. కానీ బరువెత్తాలంటే ఇప్పటికీ జంకుతాడు. ప్లీహం లేని ఒంటికి రోగం తట్టుకునే శక్తి తక్కువట, చిన్న జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు డాక్టర్లు. అతనికి ఒళ్ళు వెచ్చబడితే చాలు, అక్క మొహంలో నెత్తురుండదు. రాజీ చేసినవాళ్ళు మాత్రం హాయిగా నిద్రపోతున్నారు.

పెద్దాయన అరటిపళ్ళు పట్టుకుని వార్డుకి వచ్చినప్పుడు అడిగాను. "ఆ చప్పుడు మీరూ విన్నారు కదా?"

"ఏం చప్పుడు? నాకేం వినపడలేదే."

"మరి పోనీ అని ఎందుకన్నారు?"

సంచి అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాడు. బావనీ అడిగాను. బండెక్కిన సంగతే గుర్తులేదన్నాడు. రాత్రిపూట రేకు చల్లబడితే అలాగే టప్‌మంటుందని మా మెకానిక్కు అంటాడు. అయ్యుండొచ్చు. నేను కాదనను.

కానీ నా పక్కన కూర్చున్న మనిషి ఆపు ఆపు అన్నాడు. టాపు మీద కొట్టి పోనివ్వమన్నది మాత్రం ఎవరో... నాకిప్పటికీ తెలీదు.