పేరుపాలెం సముద్రంలో నూతి ఒరలు

2003 ఫిబ్రవరి 9, ఆదివారం ఉదయం 5 గంటల 40 నిమిషాలకు నేనూ మా నాన్నగారూ రాజమండ్రిలో నరసాపురం పాసింజరు ఎక్కాము. నాన్నగారు సిమెంటు ఒరలు పోసే మేస్త్రి. నూతిలో ఒకదానిపై ఒకటి దించే ఆ గుండ్రటి ఒరలను ముప్పై ఏళ్ళుగా పోస్తున్నారు. ఆయన చేసిన ఒరలు సముద్రానికి వెళ్ళడం అదే మొదలు. ఆయన సముద్రాన్ని చూడడమూ అదే మొదలు.

ఈ ప్రయాణానికి కారణం నేను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. జువాలజీ పూర్తిచేసి, మత్స్యకారులతో పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. పగడపు దిబ్బలున్నచోట చేపలు వాటి సందుల్లో దాక్కుని పిల్లల్ని పెంచుకుంటాయి. గోదావరి ఒండ్రు కలిసే మన తీరంలో పగడాలు నిలవవు. దిబ్బలు దెబ్బతిన్న ఇతర తీరాల్లో సిమెంటు కట్టడాలు ముంచి చేపలకు నీడ కల్పిస్తున్నారని చదివి, చిల్లులున్న ఒరలతో ఇక్కడా ఆ పని చేద్దామని ప్రతిపాదించాను. పది ఒరలు ముందురోజే లారీలో వెళ్ళాయి. పేరుపాలెం జాలర్లు తమ పడవలు ఆ ఒక్కరోజుకే ఇచ్చారు. ఆ రోజు పని జరగకపోతే ప్రయత్నం అంతటితో ఆగిపోతుంది.

నిడదవోలులో అరటిపళ్ళ గంపతో ఎక్కిన ఒకావిడ మా సంగతి అడిగారు.

"సముద్రంలో ఒరలా? అక్కడ నీళ్ళకేం కరువండీ?"

"నీళ్ళకి కాదండి. చేపలు కాపురం ఉండడానికి."

"చేపలకి సొంతిల్లన్నమాట. మేమింకా అద్దింట్లోనే ఉన్నాం," అంటూ ఆవిడ నాన్నగారి చేతిలో రెండు పళ్ళు పెట్టారు.

9.20కి నరసాపురంలో దిగి, బస్టాండు పక్కన ఇడ్లీ తిని, మొగల్తూరు మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాము. సరుగుడు తోటలు దాటి 10.45కి తీరానికి చేరాము. ఒరలు ఇసుకలో వరుసగా ఉన్నాయి. వాటిలో నాలుగు నున్నగా, ఒక్క చిల్లు కూడా లేకుండా మెరుస్తున్నాయి.

"నాన్నా, చిల్లులేవి?"

నాన్నగారు కండువా సర్దుకున్నారు. "ఇంటి దగ్గర ఆరబెట్టినప్పుడు రోడ్డువైపు కనబడే నాలుగింటికే మూశానమ్మా. వచ్చేపోయేవాళ్ళందరూ 'ఏంటి మేస్త్రిగారూ, ఒరలు తూట్లు పడ్డాయి' అంటుంటే తలెత్తుకోలేకపోయాను. మిగతా ఆరూ చాలవా చేపలకి?"

చిల్లులు లేకపోతే నీరు ఆడదని, లోపల ఒండ్రు పేరుకుని ఒర పూడిపోతుందని చెప్పాను. పడవలు సిద్ధం చేసిన తాతారావుగారు, జాలర్లలో పెద్దాయన, ఆకాశం వైపు చూశారు.

"మూడింటికి గాలి తిరుగుతుందండి. ఈలోగా చిల్లులు తెరిస్తే సరే. లేదంటే ఇవి మేం సాయంత్రాలు కూర్చోడానికి పనికొస్తాయి."

నాన్నగారు ఉలి, సుత్తి అడిగి తీసుకున్నారు. సిమెంటు ఎంతకీ ఊడిరాలేదు.

"కాస్త నాసిగా మూసుంటే ఈపాటికి అయిపోయేది కదండీ మేస్త్రిగారూ," అన్నాడొక జాలరి.

"నాసిపని నాకు రాదయ్యా."

అందరూ నవ్వారు. ఆ తర్వాత సుత్తి చేతులు మారింది. ఒరకు నాలుగు చొప్పున పదహారు చిల్లులూ తెరిచేసరికి పన్నెండుంపావు అయింది.

నాలుగు పడవలను రెండేసి చొప్పున సరుగుడు దుంగలతో జతకట్టి, జతకు ఐదు ఒరలు ఎక్కించారు. తీరం సన్నటి గీతగా మారాక అడుగు ఎలాంటిదో చూడడానికి తాతారావుగారు సబ్బు పూసిన ఇనుపగుండును తాడుతో దించారు. మొదటిచోట సబ్బుకు బురద అంటింది. "ఇక్కడ వేస్తే మింగేస్తుందండి," అని ముందుకు సాగారు. రెండోచోట ఇసుక, గుల్లముక్కలు అంటుకున్నాయి.

అక్కడ జాలర్లు మొదటి ఒరను అంచుకు జరిపి తోయబోయారు.

"తొయ్యకండి," అన్నారు నాన్నగారు. "దొర్లి పడితే పగులుతుంది. నూతిలోకి దించినట్టే దించాలి."

మూడువైపులా తాడు వేసి, ఇద్దరిచేత పట్టించి, మూడోది తానే పట్టుకుని మాట చెబుతూ దించారు. మధ్యలో ఒకసారి పక్కకు వంగి వాంతి చేసుకుని, మూతి కడుక్కుని, మళ్ళీ తాడు అందుకున్నారు. తమ జతలో ఐదూ అయ్యాక రెండో జతలోకి దాటారు. తాతారావుగారు కూడా ఆయన చెప్పినట్టే తాడు వదిలారు. 2.40కి పదో ఒర అడుగు తాకింది.

నాలుగింటికి తాతారావుగారింట్లో అన్నం, చేపల పులుసు. "ఈసారి వచ్చినప్పుడు మీ ఒర దగ్గర పట్టిన చేపే వండుతానండి అన్నయ్యగారూ," అన్నారు ఆయన భార్య.

తీరం చూడదలచినవారు తాగునీరు వెంట తీసుకువెళ్ళాలి. తిరుగు బస్సు వేళ ముందే కనుక్కోవాలి. మేము ఐదింటి బస్సులో నరసాపురం చేరి రైలెక్కాము. పాలకొల్లు దాటాక నాన్నగారు, "నుయ్యైతే అడుగు కనబడుద్ది. ఇక్కడ నిటారుగా నిలబడ్డాయని తాడే చెప్పిందమ్మా," అన్నారు. నా చదువూ ఆయన పనీ ఒకే పడవలో కూర్చోగలవని నాకు ఆ రోజే తెలిసింది.

వేసవిలో వేట నిషేధం ముగిశాక తాతారావుగారు కబురు పంపారు: అక్కడ గాలానికి చేప పడుతోందని, మరో ఇరవై ఒరలు కావాలని. ఇప్పుడు నాన్నగారు చిల్లుల ఒరలను రోడ్డువైపే ఆరబెడుతున్నారు. అడిగినవారికి అవి చేపల ఒరలని ఆయనే చెబుతున్నారు.