ఒకే పేరున్న ఇద్దరు ముత్తాతలు

దోహాలో, అల్ సద్‌లోని మా క్లినిక్ వెనక ఫ్లాట్‌లో నాతోపాటు ఉండే నర్సుది మా విచారణే, అంటే మా చర్చి పరిధే. గుంటూరు జిల్లాలో మాదొక ఊరు, ఆమెది పక్కూరు, రెండింటికీ గుడి ఒక్కటే. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ప్రపంచకప్ కోసం దోహా అంతా తవ్విపోసిన రోజులవి. సైట్ల మీద దెబ్బలు తగిలి, కళ్ళలో దుమ్ము పడి వచ్చేవాళ్ళతో మా డ్యూటీ తెమిలేది కాదు. అక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చిలో పూజకి వెళ్ళినప్పుడే నలుగురినీ చూసేవాళ్ళం.

అక్క సెలవుకి ఊరెళ్ళి తిరిగొచ్చిన వారం, పూజ అయ్యాక ఫోన్ తీసి అందరికీ ఒక ఫోటో చూపించింది. మా ఊళ్ళ గుడిలోని పాత జ్ఞానస్నానాల, అంటే బాప్తిస్మాల, రిజిస్టరు పేజీ అది. లాటిన్‌లో ఉన్న ఒక పేరు మీద వేలు పెట్టి, "మా ముత్తాత. మా వైపు మొదటి ఉపదేశి. ఫాదర్లు లేనప్పుడు ప్రార్థనలు నేర్పింది, చదువు చెప్పింది కూడా ఈయనే," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఉపదేశి మా ముత్తాత అని మా నాన్న నా చిన్నప్పటినుంచీ చెబుతున్నాడు. పేరు అదే, ఇంటిపేరూ అదే. కాకపోతే గుడి పాలక పునీతుడి పేరు మా రెండు ఊళ్ళలో మగవాళ్ళలో సగం మందికి ఉండేది, ఆ ఇంటిపేరు వాళ్ళూ బోలెడుమంది. ఆ మాట అక్కడే అందామనుకుని, రుజువు లేక నోరు మూసుకున్నాను.

తమ పూర్వీకుల గురించి గొప్పగా చెప్పుకునే మలయాళీ నర్సులు కూడా ఆమెను పిలిచి ఆ కథ చెప్పించుకునేవాళ్ళు. ఆమె ఫోటోకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. ఆమె వండిన పప్పు కూడా నాకు సయించేది కాదు.

నా సెలవు రాగానే నాన్నని తీసుకుని గుడికి వెళ్ళాను. ఆ ఫోటో తప్పని తేలాలి, నాకు కావలసింది అంతే. విచారణ ఫాదర్ గారు ఓపిగ్గా రిజిస్టర్లు తీశారు. ఒకే పేరుతో ఇద్దరు దొరికారు. తండ్రుల పేర్లూ ఒకటే.

"పెళ్ళిళ్ళ రిజిస్టరు చూద్దాం. భార్య పేరుతో తేలిపోతుంది," అన్నారు ఫాదర్ గారు.

నాకు పెట్టింది మా ముత్తవ్వ పేరే. రిజిస్టరులో ఉపదేశి అని రాసున్నాయన భార్య పేరు అది కాదు. ఇంకొన్ని పేజీలు తిప్పాక నా పేరు, లాటిన్ తోక తగిలించుకుని, కనిపించింది. పక్కన పెళ్ళికొడుకు సంతకం చేయాల్సిన చోట సిలువ గుర్తు ఉంది. దాని కింద సాక్షిగా మళ్ళీ పెళ్ళికొడుకు పేరే, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. ఆ సంతకం ఉపదేశిది.

నాన్న ఆ సిలువ గుర్తు మీద వేలు పెట్టాడు. "మనవాడికి చదువు రాదన్నమాట," అన్నాడు. నేను ఆ పేజీని ఫోటో తీసుకున్నాను.

దోహాకి వచ్చాక అక్కకి ఉన్నదంతా చెప్పి ఆ పేజీ ఫోటో చూపించాను. గెలిచినట్టు నవ్వితే పోట్లాడదామనే ఉన్నాను. ఆమె నవ్వలేదు.

"మావాడు మీవాళ్ళ పెళ్ళికి వచ్చాడన్నమాట," అంది మెల్లగా. "ఉపదేశి మీవాడేనని మీ నాన్నని ఎప్పటిలాగే చెప్పుకోమను చెల్లీ. మాకేం తరిగిపోతుంది?"

ఆ మంచితనం నన్ను ఇంకా కాల్చింది. అంతలో ఆమె నా ఫోన్ దగ్గరికి లాక్కుని ఆ సంతకాన్ని పెద్దది చేసి చూసుకుంది. గోడ మీది ఫోటోలో ఉన్నది అప్పటి విదేశీ ఫాదరు రాత. ముత్తాత సొంత చేతిరాత ఆమె చూడడం ఇదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుని, నాకు పంపవా, అని అడిగింది.

పంపాను. పంపేముందు మాత్రం పైనున్న సిలువ గుర్తును కత్తిరించేశాను. అది మాది.