క్లీవ్‌లాండ్‌లో ఇంకో బండి గారు

మా ఇంటిపేరు బండి. అమెరికాలో నోవై అనే ఊళ్లో ఏడో తరగతి చదివే మా అమ్మాయి మేఘనని తోటి పిల్లలు "బ్యాండిట్" అని, అంటే బందిపోటు అని, ఏడిపిస్తున్నారు. స్కూల్ బ్యాండ్‌లో తను సాక్సఫోన్ వాయిస్తుంది. "నాన్నా, కాన్సర్ట్ ప్రోగ్రామ్‌లో లాస్ట్ నేమ్ వద్దు. జస్ట్ మేఘన," అంది. నాకు మనసు చివుక్కుమంది. ఈ పేరు ఇంకెవరికుందోనని ఇద్దరం కూర్చుని నెట్‌లో వెతికితే ఒక ఫుట్‌బాల్ ఆటగాడు, ఒక చిత్రకారిణి, ఇటలీలో ఒక మేయరు కనిపించారు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్‌లో జాజ్ వాయించే సాక్సఫోన్ కళాకారుడొకాయన! శనివారం మధ్యాహ్నమే ఆయన కచేరీ.

పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. టొలీడో దాటి ఒహాయో టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాక దారి హాయిగా ఉంటుంది. కాఫీకి ఆగినా పదకొండున్నరకల్లా క్లీవ్‌లాండ్‌లో ఇటలీ వాళ్ల పేట లిటిల్ ఇటలీ చేరాం. ఇటుక ఇళ్లు, ఏటవాలు వీధి, బేకరీల్లోంచి కమ్మటి వెన్న వాసన. కచేరీ ఒక చిన్న రెస్టారెంట్ పెరట్లో. టికెట్ పదిహేను డాలర్లు, పిల్లలకు ఉచితం.

"ఏ పేరు మీద బుక్ చేశారు?" అని అడిగింది గుమ్మం దగ్గర టికెట్లు చూస్తున్నావిడ.

"బండి."

"అయ్యో, ఆయన చుట్టాలా! ముందే చెప్పొద్దూ!" అంటూ నేను నోరు తెరిచేలోపే లోపలికెళ్లి ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది.

డెబ్భై దాటిన మనిషి. "మీరు ఏ ఊరి బాందీలు?" అని మా పేరుని ఇటాలియన్ యాసలో పలుకుతూ మేఘనకి చేయి చాచాడు.

"ఆంధ్రా. మీరు రాంగ్‌గా పలుకుతున్నారు," అంది మేఘన ఇంగ్లీషులో.

"అయితే నేర్పు."

"నాలుక వెనక్కి మడవాలి. బండి. అంటే కార్ట్. కార్‌ని కూడా బండే అంటాం."

ఆయన రెండు మూడుసార్లు తంటాలుపడి, "ఇన్నాళ్లూ నేనో కారునని ఎవరూ చెప్పలేదే!" అని పగలబడి నవ్వాడు. కచేరీకి ముందు మైకు మేఘన చేతికిచ్చి తనని పరిచయం చేయమన్నాడు. అది ఆయన పేరు చెప్పి, కాస్త ఆగి, "నేను కూడా బండి. బండి మేఘన," అంది. పెరడంతా చప్పట్లు. ఆయన వాయిస్తున్నంతసేపూ దాని వేళ్లు మోకాలి మీద ఆడుతూనే ఉన్నాయి.

తిరుగు దారిలో అంది: "ప్రోగ్రామ్‌లో బండి ఫస్ట్ రాయమను, నాన్నా. మన స్టైల్‌లో."

నేను పేరు గురించి చెప్పదలచుకున్న పాఠాలన్నీ దారిలోనే మింగేశాను. నా మాటలతో దానికి రాని ధైర్యం ఆ పెరట్లో ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య వచ్చింది. ఆ సంతోషం ఇంకా మా ఇంట్లో తిరుగుతోంది.

మీరూ వెళ్తే ఒక్క సలహా: పిల్లలు వాయిద్యం నేర్చుకుంటుంటే దాన్ని కారులో పెట్టుకోండి. మేఘన కూడా వాయిస్తుందని తెలిసి "మరి నీ సాక్సఫోన్ ఏది?" అని ఆయన అడిగేసరికి అది మా ఇంట్లో భద్రంగా పెట్టెలో ఉంది.