నాలుగు చెంచాల చక్కెర

టాలీగంజ్ సినిమా స్టూడియోలో నేను బట్టలు కుట్టిన ఇరవై ఏళ్లూ పక్క గదిలో మా అందరికీ పిన్నిలాంటి ఖేందీ మాసి నోరు ఒక్క క్షణం ఊరుకున్నది లేదు. ఆవిడ పేరుకు కథానాయిక మృన్మయీ దేవికి జడలూ ముడులూ వేసేది. అసలు పని ఆమెను దీదీమణి, అంటే అక్కగారు, అని పిలుస్తూనే ఆమెతో పోట్లాడటం. పొద్దున్నే మాసి ఆవిడ ఇంటికి వెళ్తే మృన్మయీ దేవి తనే రెండు కప్పుల టీ కలిపేది. మాసికి తీపి పిచ్చి.

"ఒక్క చెంచానే. పళ్లూడిపోతే నా పిన్నులు దేంతో కరిచి పట్టుకుంటావే?" అనేది మృన్మయీ దేవి. పోట్లాడిన మర్నాడు మాత్రం కిక్కురుమనకుండా మాసి కప్పులో నాలుగు చెంచాలు వేసేది. ఆవిడ క్షమాపణ అంతే.

పన్నెండేళ్ల క్రితం ఒక సాయంత్రం కొప్పు వంకరగా ఉందని మృన్మయీ దేవి మాసిని అందరి ముందూ కసిరింది. మాసి అలిగి మర్నాడు వెళ్లలేదు. ఆ ఉదయమే మృన్మయీ దేవి కుర్చీలో చనిపోయి ఉంది. తలుపుకు లోపలి గడియ, బల్ల మీద రెండు కప్పులు. ఎలా పోయింది, ఆ రెండో కప్పు ఎవరిది? ఊళ్లోవాళ్లు ఆవిడకు తలో ప్రియుణ్ణి అంటగట్టారు. మాసికి మాత్రం ఒకటే దిగులు, తన మీద కోపంతోనే పోయిందేమోనని.

ఏటా వర్ధంతికి విలేకరులు వస్తారు. మాసి వాళ్లకు మైదా పూరీల్లాంటి లూచీలు, ఆలూదమ్ కూర పెట్టి, మృన్మయీ దేవి ఎడ్లబండి మీంచి బురదలో పడ్డ వైనం నటించి చూపిస్తుంది. వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వి, అడగాల్సింది మరిచి వెళ్లిపోతారు.

ఈ ఏడు తపతి అనే పిల్ల వచ్చింది. ఆరు లూచీలు తిని కూడా మరవలేదు.

"మాసీ, పాత పోలీసు కాగితాలు చూశాను. రెండో కప్పు ఎవరూ ముట్టనే లేదట. విషమేమోనని పరీక్ష చేయించారు."

"ఏం తేలింది?"

"చక్కెర. అడుగున పాకంలా పేరుకుపోయిందట. అంత తీపి ఎవరు తాగుతారో వాళ్లకు అంతుపట్టలేదు."

మాసి గరిటె కింద పెట్టి నా వైపు చూసింది. "విన్నావా నితాయ్?" అని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు కారిపోతున్నా ఆపలేదు. నాకూ ఏడుపొచ్చింది, పట్టలేని సంతోషంతో.

"ఎవరిది మాసీ ఆ కప్పు?"

"నాదేనే. రాజీకొచ్చింది మహాతల్లి."

"మరి ఆవిడ ఎలా పోయింది?"

"అది నాకూ తెలీదు. కూర్చో, టీ పెడతా."

టీ వచ్చింది. మాసి తన కప్పులో వరసగా నాలుగు చెంచాలు వేసుకుంది.

"డాక్టరు చక్కెర మానమన్నాడు కదా" అన్నాను.

"ఇది ఆవేళ దీదీమణి నాకోసం కలిపిన కప్పు నితాయ్. పన్నెండేళ్ల నుంచి తాగకుండా వదిలేశాను."